సజ్దా నుంచి లేవలేకపోయిన బాలుడు

మాకు చిరకాలంగా తెలిసిన ఒక కుటుంబంలోని 13 ఏళ్ళ బాలుడు ఖుర్‌ఆన్ హిఫ్జ్ కోసం ఒక మదరసా హాస్టల్లో ఉండేవాడు. చురుకైన పిల్లవాడు. ఏడాదిన్నర కాలంలో 11 పారాలు కంఠస్థం చేశాడు. ఆ తరువాత క్రమంగా వెనుకబడసాగాడు. రాత్రివేళ వీపు మధ్యభాగంలో నొప్పి పుట్టి నిద్ర లేచేవాడు. పడుకుంటే నొప్పి పెరిగేది. లేచి గోడకు ఆనుకుని కూర్చుంటే కొంత తగ్గేది. తెల్లవారి సబఖ్ అప్పగించే వేళకు కునికిపాట్లు పడేవాడు. గంటల తరబడి నేలమీద కూర్చుని ఊగుతూ చదవడం వల్ల వచ్చిన నొప్పి అని అందరూ భావించారు. నూనె రాశారు, నొప్పి మాత్రలు ఇచ్చారు.

మరికొన్ని వారాలకు ఆ బాలుడు పక్క తడపసాగాడు. తోటి పిల్లలు నవ్వారు. బద్ధకంతో లేవడం లేదని నిర్వాహకులలో ఒకరు బెత్తం ఎత్తారు. కబురు అందుకుని వచ్చిన తండ్రి కూడా కుమారుణ్ణే మందలించి వెళ్ళాడు. చదువు తప్పించుకోవడానికి సాకులు చెబుతున్నాడని ఆయన నమ్మాడు. తల్లి మాత్రం నజర్ తగిలిందని భయపడి ఒక తాయెత్తు పంపింది. ఈ విధంగా 8 నెలలు గడిచాయి.

చివరకు ఒక ఉస్తాద్ గమనించారు. జమాఅతులో ఆ పిల్లవాడు సజ్దా నుంచి లేచేటప్పుడు రెండు చేతులూ నేలకు ఆనించి, ఆపై మోకాలిని పట్టుకుని, అందరికన్నా ఆలస్యంగా నిలబడుతున్నాడు. కుడికాలి చెప్పు తరచూ జారిపోతున్నది. ఎడమ పాదంమీద ఒక పెద్ద బొబ్బ ఉన్నది. ఎలా కాలిందని అడిగితే, వంటశాలలో వేడి గిన్నె తగిలిందట, తగిలినట్లు తనకు తెలియనే లేదట. పాదం కాలినా నొప్పి తెలియలేదన్న ఆ ఒక్క మాట ఉస్తాద్ గారిని కలవరపెట్టింది. మరునాడే ఆయన తండ్రిని పిలిపించి పట్టణానికి పంపించారు. ఎమ్మారై స్కాన్‌లో వెన్నుపాము లోపల ఒక కణితి కనిపించింది.

ఈ నెల మేము ఈ విషయాన్నే ఎంచుకోవడానికి కారణం ఆ బాలుడే. ఇది అరుదైన వ్యాధి. ఈ పత్రిక చదివే కుటుంబాలలో అత్యధిక శాతానికి దీని అవసరం ఎన్నడూ రాకూడదనే మా దుఆ. అయితే అరుదైనది కావడం వల్లనే దీని గురించి ఎవరూ మాట్లాడరు. ఎవరూ మాట్లాడకపోవడం వల్లనే గుర్తించడంలో నెలలు, ఒక్కొక్కసారి సంవత్సరాలు గడిచిపోతాయి. ఆ గడిచిన కాలానికి మూల్యం చెల్లించేది పిల్లల కాళ్ళు.

వెన్నెముక లోపలి ప్రపంచం

వెన్నెముక అనేది ఒకదానిపై ఒకటి పేర్చిన పూసల వరుస. ఆ పూసల మధ్యనున్న గొట్టంలో వెన్నుపాము భద్రంగా ఉంటుంది. పెద్దవారిలో దీని పొడవు సుమారు 45 సెంటీమీటర్లు. మందం మన చిటికెన వేలికి మించదు. మెదడు నుంచి కాళ్ళు చేతులకు వెళ్ళే ఆజ్ఞలు, చర్మం నుంచి మెదడుకు చేరే స్పర్శ, వేడి, నొప్పి వంటి సమాచారం, మూత్ర మల విసర్జనలపై అదుపు, ఇవన్నీ ఈ సన్నని తాడు ద్వారానే సాగుతాయి. దాని నుంచి 31 జతల నరాలు శరీరమంతటా విస్తరిస్తాయి. మానవ నిర్మాణాన్ని గురించి యోచించమని ఖుర్‌ఆన్ మనల్ని పదేపదే ఆహ్వానించింది. ఆ యోచనకు ఈ వెన్నుపాము ఒక్కటి చాలు.

ఎముకల గొట్టం గట్టిది, అది సాగదు. కనుక దానిలో చిన్న కణితి పెరిగినా వెన్నుపాము నలిగిపోతుంది. కణితి ఎక్కడ పుట్టిందన్నదాన్ని బట్టి వైద్యులు దానిని మూడు రకాలుగా చెబుతారు. మొదటిది వెన్నుపామును కప్పి ఉంచే పొరకు వెలుపల, ఎముకల వైపున పెరిగేది. రెండవది పొరకు లోపల, కానీ వెన్నుపాముకు బయట పెరిగేది. మూడవది వెన్నుపాము లోపలే పుట్టి, దానిని లోపలి నుంచి ఉబ్బించేది. ఈ మూడవ రకం పెద్దవారిలో కన్నా పిల్లల్లో ఎక్కువ వంతు కనిపిస్తుంది. పిల్లల్లో వెన్నుపాము లోపల పుట్టే కణితుల్లో ఆస్ట్రోసైటోమా అనేది ముఖ్యమైనది. ఎపెండిమోమా యువకుల్లో, పెద్దవారిలో ఎక్కువ.

కణితి అనగానే ఇంట్లో ఏడుపులు మొదలవుతాయి. కనుక ఒక సంగతి ముందే చెప్పాలి. పిల్లల వెన్నుపాము లోపల పుట్టే కణితుల్లో అధిక భాగం నెమ్మదిగా పెరిగేవే. అవి ఇతర అవయవాలకు పాకే స్వభావం గలవి కావు. వేగంగా పెరిగే ప్రమాదకరమైన రకాలు కూడా ఉన్నాయి, కానీ అవి తక్కువ. అయితే నెమ్మదిగా పెరగడంలోనూ ఒక మోసం ఉన్నది. లక్షణాలు కూడా అంతే నెమ్మదిగా వస్తాయి. కొన్నాళ్ళు తగ్గినట్లు కనిపించి మళ్ళీ వస్తాయి. ఇంటివారు వాటికి అలవాటు పడిపోతారు.

ఏయే సూచనలను గమనించాలి?

పిల్లలకు నడుమునొప్పి రావడం వింత కాదు. బరువైన పుస్తకాల సంచి, ఆటల్లో దెబ్బ, కూర్చునే తీరు వంటి కారణాలతో వచ్చే నొప్పి సాధారణంగా విశ్రాంతితో తగ్గుతుంది. దీనికి భిన్నమైన నొప్పి ఒకటి ఉన్నది. అది పడుకున్నప్పుడు పెరుగుతుంది, రాత్రి నిద్ర లేపుతుంది, వారాల తరబడి వదలదు, వెన్నులో ఒకే చోట ఉంటుంది. పిల్లవాడు కూర్చునే నిద్రపోవడానికి ఇష్టపడుతున్నాడంటే ఆ ఒక్క కారణం చేతనే వైద్యుణ్ణి కలవాలి.

రెండవ సూచన నడకలో మార్పు. చక్కగా పరుగెత్తిన పిల్లవాడు తరచూ తూలి పడడం, చెప్పు కాలి నుంచి జారిపోవడం, మెట్లు ఎక్కడానికి వెనుకాడడం, ఒక కాలు ఈడ్చడం. నడక నేర్చిన పసిబిడ్డ మళ్ళీ ఎత్తుకొమ్మని మారాం చేస్తూ నడవడం మానివేస్తే దానిని గారాబంగా భావించరాదు. మెడ భాగంలో కణితి ఉంటే చేతుల్లో బలం తగ్గుతుంది. కలం పట్టు సడలుతుంది, దస్తూరి చెడిపోతుంది, చొక్కా గుండీలు పెట్టుకోలేరు. మెడ ఒక పక్కకు వంగి అలాగే బిగుసుకుపోవడం కూడా ఒక సూచనే.

మూడవది వెన్ను పక్కకు వంకర తిరగడం. ఎదిగే వయస్సులో, ముఖ్యంగా ఆడపిల్లల్లో, కారణం తెలియని వంకర కొందరికి వస్తుంది. అది మామూలుగా నొప్పి పెట్టదు. వంకరతోపాటు నొప్పి ఉంటే, లేదా వంకర వేగంగా పెరుగుతుంటే లోపల వెన్నుపామును పరీక్షించవలసిందే.

నాలుగవది స్పర్శలో తేడా. తిమ్మిరి, చీమలు పాకినట్లు ఉండడం, వేడి, చల్లదనం తెలియకపోవడం. వేడినీళ్ళు ఒక కాలిపై పోస్తే ఒకలాగా, మరొక కాలిపై పోస్తే మరొకలాగా ఉన్నదని పిల్లలు చెబితే నవ్వి ఊరుకోరాదు.

అయిదవది మూత్ర, మల విసర్జనలో మార్పు. ఏళ్ళ క్రితమే పక్క తడపడం మానిన పిల్లవాడు మళ్ళీ తడపడం, మూత్రం సరిగా రాకపోవడం, చుక్కలుగా కారడం, కొత్తగా వచ్చిన మొండి మలబద్ధకం. వీటిలో ఏదైనా నడుమునొప్పితోనో, కాళ్ళ బలహీనతతోనో కలిసి ఉంటే అది వెన్నుపాము పంపుతున్న ఫిర్యాదు కావచ్చును. కాళ్ళు హఠాత్తుగా చచ్చుబడినా, మూత్రం పూర్తిగా ఆగిపోయినా, పిరుదుల భాగంలో స్పర్శ పోయినా తెల్లవారే వరకు ఆగరాదు. ఆ గంటలోనే పెద్ద ఆసుపత్రికి బయలుదేరాలి.

ఇక్కడ తల్లులకు ఒక మాట. నమాజు పిల్లల ఆరోగ్యానికి అద్దం వంటిది. నిలబడడం, రుకూలో వంగడం, సజ్దా చేయడం, కాళ్ళు మడిచి కూర్చోవడం, చేయి ఆనించకుండా లేవడం, ఇవన్నీ రోజుకు అయిదు పూటలు మన కళ్ళ ముందే జరుగుతాయి. నిన్నటి దాకా హాయిగా లేచిన బిడ్డ నేడు గోడ పట్టుకుంటున్నదంటే, వుజూ నీళ్ళు ఒక కాలికి తెలియడం లేదంటున్నదంటే, వుజూ నిలవడం లేదని చెప్పలేక నమాజుకే దూరంగా ఉంటున్నదంటే, దీన్ పట్ల అశ్రద్ధ అని నిందించే ముందు ఆమె శరీరం ఏమంటున్నదో అడగండి.

మన ఇళ్ళలో జరిగే పొరపాట్లు

మన ఇళ్ళలో జరిగే కొన్ని పొరపాట్లను దాచకుండా చెప్పుకోవాలి.

పక్క తడిపిన పిల్లలను కొట్టడం వీటిలో మొదటిది. పెద్ద రోగం ఏదీ లేని పిల్లల్లో సైతం ఇది నిద్రలో, తమ ప్రమేయం లేకుండా జరిగేదే. శిక్షతో తగ్గేది కాదు. దైవప్రవక్త (స) మస్జిదులో ఒక పల్లెవాసి మూత్రవిసర్జన చేసినప్పుడు సహచరులు అతనిపైకి లేవబోతే ఆయన వారిని వారించారు. అతణ్ణి పూర్తి కానిచ్చి, ఆ చోట నీళ్ళు పోయించి, తరువాత మెత్తగా బోధించారు. సాక్షాత్తు మస్జిదులో, ఎదిగిన మనిషి పట్ల ఆ కరుణ చూపిన ప్రవక్త అనుచరులం మనం. నిద్రలో తడిసిన దుప్పటికి ఒక పిల్లవాణ్ణి నలుగురిలో అవమానించడం మనకు ఎలా తగుతుంది? హాస్టళ్ళు నడిపే పెద్దలు దీనిని ఒక నియమంగా పెట్టుకోవాలని కోరుతున్నాము. పక్క తడిపే పిల్లవాడి విషయం బెత్తానికి కాదు, రహస్యంగా వైద్యునికి చేరాలి.

రెండవది హయా పేరిట మౌనం. లజ్జ ఈమాన్‌లో భాగమే. కానీ 15 ఏళ్ళ ఆడపిల్ల మూత్రం జారిపోతున్నదని కన్నతల్లికి కూడా చెప్పుకోలేకపోతే అది లజ్జ కాదు, మనం ఆమె చుట్టూ కట్టిన గోడ. సంబంధాలు చెడిపోతాయన్న భయంతో వైద్యం వాయిదా వేసే కుటుంబాలు ఉన్నాయి. ప్రవక్త (స) కాలంలో అన్సారు స్త్రీలు తమ శరీర ధర్మాల గురించి ఆయనను అడిగి తెలుసుకునేవారు. లజ్జ వారిని జ్ఞానానికి దూరం చేయలేదన్నందుకు ఆయిషా (ర) వారిని మెచ్చుకున్నారు.

మూడవది నజర్, జాదూ అని నిర్ణయించుకుని అక్కడే ఆగిపోవడం. నజర్ సత్యమే, దుఆ చేయవలసిందే, ఖుర్‌ఆన్ చదివి ఊదడం సున్నతే. వాటికి వైద్యం అడ్డు కాదు, వైద్యానికి అవి అడ్డు కారాదు. వైద్యం చేయించుకోవచ్చునా అని కొందరు అడిగినప్పుడు ప్రవక్త (స) చేయించుకోమనే చెప్పారని, ముసలితనం తప్ప ప్రతి వ్యాధికీ అల్లాహ్ ఔషధాన్ని ఉంచాడని తెలిపారని హదీసు గ్రంథాల్లో ఉన్నది. కార్డోవా నగరపు ముస్లిం వైద్యుడు అల్ జహ్రావీ సుమారు వేయి సంవత్సరాల క్రితం 30 భాగాల వైద్య గ్రంథం రచించి, చివరి భాగాన్ని శస్త్రచికిత్సకే కేటాయించి, పరికరాల బొమ్మలతో సహా వివరించాడు. కత్తిని చూసి భయపడి తవక్కుల్ పేరు చెప్పడం ఆ వారసత్వానికి తగినది కాదు.

నాలుగవది వెన్ను విరిపించడం, తొక్కించడం, గట్టిగా మర్దన చేయించడం. కారణం తెలియని వెన్నునొప్పికి, ముఖ్యంగా కాళ్ళలో బలహీనత ఉన్నప్పుడు, ఇది హాని చేయవచ్చును.

అయిదవది పరీక్ష పూర్తికాకుండా మందులు వాడడం. మన దేశంలో వెన్నెముకకు క్షయ సోకడం అరుదు కాదు. అది కూడా నొప్పి, బలహీనత కలిగిస్తుంది. అందుచేత కొన్ని చోట్ల అనుమానం మీదనే నెలల తరబడి క్షయ మందులు ఇస్తారు. రెండింటి చికిత్స పూర్తిగా వేరు. నిర్ధారణ ఏ పరీక్ష ఆధారంగా జరిగిందని అడగడం తల్లిదండ్రుల హక్కు. మందు వాడుతున్నా కాళ్ళ బలం తగ్గుతుంటే వెంటనే తిరిగి చూపించాలి.

పరీక్ష, చికిత్స

ఎక్స్‌రేలో ఎముకలు కనిపిస్తాయి గాని వెన్నుపాము కనిపించదు. కాబట్టి ఎక్స్‌రే బాగున్నదన్న మాటతో నిశ్చింతగా ఉండడానికి లేదు. వెన్నుపామును స్పష్టంగా చూపేది ఎమ్మారై స్కాన్. ఇందులో ఎక్స్‌రే కిరణాలు ఉండవు. సిరలోకి ఒక మందు ఎక్కించి తీస్తే కణితి హద్దులు మరింత బాగా తెలుస్తాయి. అది పెద్ద అయస్కాంతం కనుక లోహపు గొట్టంలో పెట్టిన తాయెత్తులు, మొలతాడు వెండి బిళ్ళలు, చెవి పోగులు, హిజాబ్ పిన్నులు అన్నీ ముందే తీసివేయాలి. చిన్నపిల్లలు కదలకుండా ఉండలేరు కాబట్టి వారికి మత్తు ఇస్తారు.

చర్మంపై పాల కాఫీ రంగు మచ్చలు అనేకం ఉన్న పిల్లల్లో, లేదా కుటుంబంలో నరాల గడ్డలు ఉన్నవారిలో న్యూరోఫైబ్రోమటోసిస్ అనే వంశపారంపర్య లోపం ఉండవచ్చును. అటువంటి వారిలో ఈ కణితులు ఎక్కువ. ఈ విషయం వైద్యునికి చెప్పడం మరువరాదు.

చాలా కణితులకు మొదటి చికిత్స శస్త్రచికిత్సే. వెన్ను ఆపరేషన్ అంటే కాళ్ళు పోతాయన్న మాట మన ఊళ్ళలో స్థిరపడిపోయింది. దీని చరిత్ర తెలుసుకుంటే ఆ భయం కొంత తగ్గుతుంది. 1887 జూన్‌లో లండన్ నగరంలో విక్టర్ హార్స్లీ అనే సర్జన్ వెన్నుపాముపై పెరిగిన కణితిని తొలగించాడు. విజయవంతమైన తొలి ఆపరేషన్‌గా ప్రసిద్ధికెక్కినది అదే. రోగి 42 ఏళ్ళ సైనికాధికారి. మూడేళ్ళుగా భరించలేని నొప్పి. కారణం తెలియక ఎందరో వైద్యులను చూశాడు. చివరకు కాళ్ళు రెండూ చచ్చుబడ్డాయి. విలియం గవర్స్ అనే నరాల వైద్యుడు, స్కాన్లు లేని ఆ రోజుల్లో, కేవలం లక్షణాలను బట్టి కణితి ఎక్కడ ఉన్నదో ఊహించాడు. ఆపరేషన్‌లో ఆ చోట తెరిస్తే కణితి కనిపించలేదు. అక్కడే ఆపివేయకుండా మరికొంత పైకి ఎముక తొలగించగా బాదంపప్పు వంటి కణితి బయటపడింది. ఏడాది తిరిగేసరికి ఆ మనిషి ఏ ఆసరా లేకుండా మైళ్ళు నడవగలిగాడు.

ఆ కణితి వెన్నుపాముకు బయట ఉన్నది. లోపల పుట్టిన కణితులను పిల్లల్లో తొలగించడం ఆ తరువాత కూడా చాలాకాలం అసాధ్యమనే భావించారు. చిన్న ముక్క తీసి రేడియేషన్ ఇచ్చి పంపేవారు. 1980వ దశకంలో న్యూయార్క్ సర్జన్ ఫ్రెడ్ ఎప్‌స్టీన్ పిల్లల వెన్నుపాము లోపలి కణితులను చాలావరకు తొలగించవచ్చునని చూపించాడు. శబ్దతరంగాలతో కణితిని లోపలి నుంచి కరిగించి పీల్చే పరికరాన్ని ఆయన ఇందుకు ఉపయోగించాడు. నేడు మైక్రోస్కోప్ కింద ఆపరేషన్ చేస్తారు. మెదడు నుంచి కాళ్ళకు సంకేతాలు అందుతున్నాయో లేదో ఆపరేషన్ జరుగుతుండగానే యంత్రం ద్వారా కనిపెడుతూ ఉంటారు. సంకేతం తగ్గితే సర్జన్ ఆగుతాడు. అవసరమైతే కొంత కణితిని వదిలివేస్తాడు. పిల్లల్లో తీసిన వెన్ను ఎముకను వీలైనచోట తిరిగి అమర్చుతారు, ఎదుగుతున్నప్పుడు గూని రాకుండా ఉండడానికి.

ఎపెండిమోమా వంటి కణితికి హద్దు స్పష్టంగా ఉంటే పూర్తిగా తీసివేయడమే తరచుగా చాలుతుంది. ఆస్ట్రోసైటోమా వెన్నుపాముతో కలిసిపోయి ఉంటుంది కాబట్టి కొంత మిగిలిపోవచ్చును. ప్రమాదకరమైన రకాలకు, తిరిగి పెరిగే వాటికి రేడియేషన్, కీమోథెరపీ అవసరమవుతాయి. చిన్నపిల్లల ఎదిగే ఎముకలకు హాని కలుగుతుంది గనుక వీలైనంతవరకు రేడియేషన్‌ను వాయిదా వేస్తారు. పొరకు వెలుపల పెరిగే న్యూరోబ్లాస్టోమా వంటి కొన్నింటికి కీమోథెరపీతోనే చికిత్స ప్రారంభించవచ్చును.

ఇందులో అన్నిటికన్నా ముఖ్యమైన సత్యం ఒకటి ఉన్నది. ఆపరేషన్ తరువాత పిల్లవాడు ఎంత బాగా నడుస్తాడన్నది, ఆపరేషన్‌కు వెళ్ళే నాటికి ఎంత నడవగలుగుతున్నాడన్నదానిపై చాలావరకు ఆధారపడుతుంది. నడుచుకుంటూ వెళ్ళిన బిడ్డ నడుచుకుంటూ తిరిగి వచ్చే అవకాశం ఎక్కువ. పూర్తిగా చచ్చుబడిన కాళ్ళు తిరిగి రావడం కష్టం. అందుకే తొలి నెలలు అంత విలువైనవి. ఆపరేషన్ అయిన వెంటనే బలహీనత, తిమ్మిరి పెరగడం సాధారణం. వారాలు, నెలల్లో అది తగ్గుతూ వస్తుంది. ఈ సంగతి ముందే తెలియకపోతే తల్లిదండ్రులు కుంగిపోతారు. ఆపరేషన్‌కు ముందు సర్జన్‌ను స్పష్టంగా అడగండి. కణితి ఏ రకం కావచ్చు, ఎంత తీయగలరు, తీయకపోతే ఏమవుతుంది, సంకేతాలు కనిపెట్టే యంత్రం ఉన్నదా, తరువాత ఏమి చేయాలి. మరొక నిపుణుని అభిప్రాయం తీసుకోవడం మొదటి వైద్యునికి అవమానం కాదు. హైదరాబాద్ నిమ్స్, తిరుపతి స్విమ్స్, బెంగళూరు నిమ్హాన్స్, వెల్లూరు సీఎంసీ వంటి సంస్థల్లో న్యూరోసర్జరీ విభాగాలు ఉన్నాయి.

ఇంటికి వచ్చిన తరువాత

ఇంటికి వచ్చిన నాటి నుంచి అసలైన సేవ మొదలవుతుంది. స్పర్శ లేని కాళ్ళకు వేడినీళ్ళ సీసా, కాపడం పెట్టరాదు; కాలినా తెలియదు. కదలలేని బిడ్డను రెండు గంటలకొకసారి పక్కకు తిప్పాలి, లేకుంటే పడకపుండ్లు పడతాయి. చర్మాన్ని రోజూ వెలుతురులో పరిశీలించాలి. ఫిజియోథెరపీ మానరాదు. మూత్రం పూర్తిగా రాని పిల్లలకు శుభ్రమైన సన్నని గొట్టంతో రోజుకు నాలుగైదు పర్యాయాలు మూత్రం తీసివేయడం నేర్పుతారు. వినడానికి భయంగా ఉన్నా చాలామంది పిల్లలు తామే చేసుకోగలుగుతారు; మూత్రపిండాలను కాపాడేది అదే. కణితి తిరిగి వచ్చిందేమో చూడడానికి ఏళ్ళ తరబడి స్కాన్లు అవసరమవుతాయి. నొప్పి లేదని అవి మానివేయరాదు.

ఆరాధనల విషయంలో దీన్ ఎంతో సౌలభ్యం ఇచ్చింది. ఇమ్రాన్ బిన్ హుసైన్ (ర) అనారోగ్యంతో ఉన్నప్పుడు ప్రవక్త (స) ఆయనకు నిలబడి నమాజు చేయమని, వీలు కాకపోతే కూర్చుని, అదీ వీలు కాకపోతే పక్కకు పడుకుని చేయమని నేర్పారు. నిరంతరం మూత్రం కారే వ్యక్తి షరీఅత్ దృష్టిలో మాజూర్. ప్రతి నమాజు వేళకు వుజూ చేసుకుని నమాజు చేయవచ్చును. వివరాలు మీ ఆలిమ్‌ను అడిగి తెలుసుకోండి. ముఖ్యంగా ఈ మాట పిల్లలకు చెప్పండి. తాము అపవిత్రులమని, అల్లాహ్ తమ నమాజును అంగీకరించడని వారు లోలోపల కుమిలిపోతూ ఉంటారు.

ఖర్చు విషయం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ నేడు రెండు రాష్ట్రాల్లోనూ ఆయా పేర్లతో కొనసాగుతున్నది. న్యూరోసర్జరీ, కేన్సర్ చికిత్సలు దాని పరిధిలో ఉన్నాయి. భూమి అమ్మకముందే, వడ్డీకి అప్పు తేకముందే ఆసుపత్రిలోని సహాయకుణ్ణి కలవండి. శాశ్వత లోపం మిగిలితే 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం ధ్రువపత్రం పొందవచ్చును; చదువులో, పెన్షన్లలో అది ఉపయోగపడుతుంది. దీనిని అవమానంగా భావించేవారు ఉన్నారు. హక్కును వదులుకోవడం గౌరవం కాదు. జకాత్ ఇచ్చే సోదరులు రమజాన్ దాకా ఆగనక్కర లేదు. నిరుపేద కుటుంబంలో ఒక ఎమ్మారై స్కాన్ ఖర్చు సకాలంలో అందితే ఒక బిడ్డ కాళ్ళు నిలబడవచ్చును.

ఆ బాలుని సంగతి చెప్పి ముగిస్తాము. ఆపరేషన్ జరిగి రెండేళ్ళయింది. కణితిలో చాలా భాగం తీయగలిగారు. నెమ్మదిగా పెరిగే రకమని తేలింది. ఎడమకాలు దాదాపు కోలుకున్నది. కుడికాలు కోలుకోలేదు, చేతికర్రతో నడుస్తాడు. మూత్రం కోసం గొట్టం వాడుతాడు. ఆరు నెలలకొకసారి స్కాన్‌కు వెళ్ళివస్తాడు. ఆ ఉస్తాద్ వద్దనే, కుర్చీలో కూర్చుని, హిఫ్జ్ కొనసాగిస్తున్నాడు. ఇప్పటికి 19 పారాలు పూర్తయ్యాయి.

ఇటీవల మేము వారి ఇంటికి వెళ్ళినప్పుడు తండ్రి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. బయలుదేరే ముందు గడప దాకా వచ్చి ఇలా అన్నాడు: “ఆ ఎనిమిది నెలలూ నా కొడుకు అబద్ధం చెబుతున్నాడనుకున్నాను. వాడు ఒక్కసారి కూడా అబద్ధం చెప్పలేదండి. నన్ను క్షమించమని వాణ్ణి అడిగాను. ‘అబ్బా, మీకు తెలియదు కదా’ అన్నాడు.” ఆ మాట పత్రికలో రాయవచ్చునా అని మేము అడిగితే, పేరు వద్దు గాని మాట రాయండి, ఇంకొక తండ్రికైనా తెలుస్తుంది అన్నాడు.

సోదర సోదరీమణులారా! ఈ రాత్రి ఇషా తరువాత మీ పిల్లల పక్కన కాసేపు కూర్చోండి. ఎక్కడైనా నొప్పి ఉన్నదా, నిద్ర పడుతున్నదా, మాతో చెప్పుకోలేనిది ఏదైనా ఉన్నదా అని అడగండి. వారు చెప్పినదాన్ని ముందుగా నమ్మండి. అల్లాహ్ మన సంతానాన్ని తన రక్షణలో ఉంచుగాక! వ్యాధిగ్రస్తులకు సంపూర్ణ షిఫాను, వారి తల్లిదండ్రులకు సహనాన్ని, వైద్యుల చేతులకు నైపుణ్యాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.